ఫిలడెల్ఫియా పాజిటివ్

ఎడమ డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, సాయంత్రమయ్యేసరికి నీరసం. మా ఊరి డాక్టరు గ్యాస్ అని మందు రాశారు. జాకెట్లన్నీ వదులైపోయాక రక్తపరీక్షకు వెళితే, ల్యాబ్ అబ్బాయి అనుమానంతో రెండోసారి రక్తం తీసుకున్నాడు. పదకొండు వేలు దాటకూడని తెల్లకణాలు రెండు లక్షల పైచిలుకు! డొక్కలో బరువంతా ఉబ్బిపోయిన ప్లీహానిది.

హైదరాబాదులో తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షించారు. ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ పాజిటివ్, సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా). బ్లడ్ క్యాన్సర్‌లో ఒక రకం. మా ఆయన కుర్చీలో కూలబడిపోయారు. డాక్టరమ్మ మాత్రం, "భయపడకండమ్మా, దీనికి మాత్ర ఉంది. బీపీ మాత్రలాగా రోజూ వేసుకోవాలి" అన్నారు. క్యాన్సర్‌కి మాత్రేమిటి, మమ్మల్ని ఊరుకోబెట్టడానికి అంటున్నారేమో అనుకున్నాను.

ఓపీ చీటీ వెనక ఆవిడ బొమ్మ గీసి చూపించారు. తొమ్మిదో క్రోమోజోమ్ ముక్క, ఇరవై రెండో దాని ముక్క ఒకదాని చోట ఒకటి అతుక్కుంటాయి. ఆ అతుకులోంచి పుట్టే టైరోసిన్ కైనేజ్ అనే ఎంజైమ్‌కి ఆగడం తెలియదు, కణాన్ని విభజించుకోమని పోరుతూనే ఉంటుంది. ఆ ఎంజైమ్ పనిచేయాలంటే కణానికి శక్తినిచ్చే ఏటీపీ వచ్చి కూర్చోవాల్సిన చోటొకటుంది. నాకిచ్చే మాత్ర, ఇమాటినిబ్, ముందే వెళ్ళి అక్కడ కూర్చుంటుంది.

ఇంటికొచ్చాక దీని గురించి దొరికిందల్లా చదివాను. ముక్క మారి పొట్టిదైన ఆ ఇరవై రెండోదే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్; అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించింది 1960లో. అది ముక్కల మార్పిడి అని జానెట్ రౌలీ తేల్చింది 1973లో. నికొలస్ లిడన్ బృందం తయారుచేసిన మందును బ్రయన్ డ్రూకర్ రోగులకు ఇవ్వడం మొదలుపెట్టింది 1998లో. సరిపడా మోతాదు అందిన 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికొచ్చింది. ఆ వాక్యం చదివిన రాత్రే నాకు నిద్ర పట్టింది.

మందు కనిపెడితే చాలదు, కొనగలగాలి. కంపెనీ మందు నెలకు లక్షా ఇరవై వేలున్న రోజుల్లో మన దేశపు జెనెరిక్, అంటే వేరే కంపెనీలు చేసే అదే మందు, పదివేల లోపే దొరికేది. హైదరాబాదు కంపెనీ నాట్కో కూడా దాన్ని తయారుచేసింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు అసలు మందు కంపెనీ నోవార్టిస్ అడిగిన పేటెంటును, అంటే ఆ మందు తనొక్కటే అమ్ముకునే హక్కును, తిరస్కరించింది. ఆ తీర్పు వేరేగా వచ్చుంటే మాలాంటి ఇళ్ళలో పొలాలు అమ్ముడుపోయేవి.

మాత్ర వేసుకున్నంత మాత్రాన సుఖంగా లేను. పొద్దున లేచేసరికి కళ్ళ చుట్టూ నీరు పట్టి రెప్పలు బరువెక్కేవి. అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తే మా అత్తయ్య లేచి కొబ్బరినూనె రాసేవారు. భోజనం మధ్యలో వేసుకుని పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగడం అలవాటయ్యాక వికారం తగ్గింది. ప్లీహం అంతకుముందే చేతికి తగలకుండా పోయింది.

అసలు పరీక్ష పీసీఆర్, ఆ అతుకు జన్యువు రక్తంలో ఇంకా ఎంత ఉందో లెక్కగట్టేది. మూడు నెలలకు పది శాతం లోపు, ఏడాదికి 0.1 లోపు రావాలంటారు. నాది నెమ్మదిగా దిగింది, దసాటినిబ్ అనే ఇంకో మాత్రకి మారుద్దామా అన్న మాట కూడా వచ్చింది. చివరికి దిగింది.

ఫ్రాన్సులో చేసిన అధ్యయనంలో, ఏళ్ళ తరబడి జబ్బు జాడ కనిపించనివాళ్ళకు మందు ఆపి చూశారు. సగానికి తక్కువమందే మందు లేకుండా నిలిచారు. తిరగబెట్టినవాళ్ళకు మళ్ళీ మాత్ర మొదలుపెడితే జబ్బు లొంగింది. నేనెప్పుడు ఆపవచ్చని అడిగాను. ఇంకా లోతుగా దిగాలి, దిగి నిలవాలి అన్నారు డాక్టరమ్మ. అందాకా రాత్రి అన్నంతోపాటు ఆ మాత్ర వేసుకుంటాను.