రొండిన దోపుకున్న ఫోను

2025 జనవరి 8, బుధవారం

ధనుర్మాసం కావడంతో ఈ వేళ కూడా నాలుగున్నరకే లేచాను. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, 21 చుక్కల ముగ్గు పెట్టి, గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు గుచ్చి లోపలికి వచ్చేసరికి నడుము పట్టేసింది. వంటింటి గూట్లో ఛార్జింగులో ఉన్న ఫోను మాత్రం ఆ గంటసేపూ నేను ఒక్క అడుగు కూడా వేయలేదని చూపించింది. దాని తప్పేమీ లేదు. ఫోను లోపల యాక్సిలరోమీటరు అనే చిన్న చిప్పు ఉంటుందనీ, నడిచేటప్పుడు ఒంటికి వచ్చే ఊపును అది పసిగట్టి అడుగులుగా లెక్క కడుతుందనీ మా అబ్బాయి చెప్పాడు. ఒంటి మీద లేని ఫోను ఏ ఊపును పసిగడుతుంది? మావారి ఫోను పొద్దుట చొక్కా జేబులోకి వెళితే రాత్రి దాకా ఆయనతోనే తిరుగుతుంది. చీరకు జేబు లేదు. పోయినేడు కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోట తీర్థానికి వెళ్లి, గంగలకుర్రు ప్రభలను, అంటే వెదుళ్లతో కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన కట్టడాలను, భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ దాటిస్తుంటే ఒడ్డున నిలబడి కళ్లారా చూసి, ఆ జనంలోనే నడుచుకుంటూ వెనక్కి వచ్చాం. ఆ రోజు నా ఖాతాలో పడిన పదహారు వేల చిల్లర అడుగులూ నిజానికి ఆయనవి, ఎందుకంటే నా ఫోను కూడా ఆయన జేబులోనే ఉంది.

అడుగులు లెక్కపెట్టుకోవడం నేను సరదాకు మొదలుపెట్టలేదు. 2023 దసరా వెళ్లాక చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ) 6.2 శాతం వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి గుమ్మం దగ్గర నిలబడినట్టేననీ, ఇప్పుడు జాగ్రత్త పడితే లోపలికి వెళ్లనక్కరలేదనీ డాక్టరుగారు అన్నారు. వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట, కాస్త ఆయాసం వచ్చేలా నడవమన్నారు తప్ప ఆవిడ అడుగుల మాటే ఎత్తలేదు. పదివేలు అన్న అంకె ఫోనులో ముందే ఉంది. అది వైద్యులు తేల్చిన లెక్క అనుకుని మొదటి మూడు నెలలూ దాని కోసం చాలా అవస్థ పడ్డాను. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత జపానులో నడక మీద మోజు పెరిగిందనీ, మరుసటి ఏడాది అక్కడి ఒక గడియారాల సంస్థ నడుముకు తగిలించుకునే చిన్న పరికరం తయారుచేసి దానికి ‘మాన్పోకే’, అంటే పదివేల అడుగుల మీటరు, అని పేరు పెట్టిందనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. అమ్మకం కోసం పెట్టిన పేరే అందరికీ లక్ష్యమై కూర్చుంది. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీల మీద చేసిన పరిశీలనలో, రోజుకు 2,700 అడుగులు నడిచేవారికంటే 4,400 నడిచేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక ఆ తేడా పెద్దగా పెరగలేదు. అది మా అత్తయ్యగారి ఈడు వాళ్ల లెక్కే అయినా, నా లక్ష్యాన్ని 7,500కు మార్చుకునే ధైర్యం దానివల్లనే వచ్చింది. పోయిన నెల పరీక్షలో చక్కెర 5.9కి దిగింది. ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టి దండం పెట్టుకున్నాను.

ఆరింటికి పక్కింటి వదినతో కలిసి కాలువ గట్టు మీద నడకకు వెళ్లాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా వచ్చే పాల సైకిలు గంట వినబడ్డాక గానీ మనిషి కనబడలేదు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, నీళ్లు వదలడంతో కాలువ నిండుగా పారుతోంది, అవతలి చేలో నారు పీకే ఆడవాళ్ల మాటలు మంచులోంచి వినిపిస్తున్నాయి. మా ఇంటి నుంచి లాకుల దాకా వెళ్లి వస్తే మూడు వేల అడుగులు పూర్తవుతాయి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి 1852లో పూర్తిచేశాక ఈ డెల్టా కాలువలు పొలాలకే కాక పడవలకు కూడా దారులయ్యాయి. అత్తయ్యగారి చిన్నతనంలో పడవవాళ్లు నడుముకు తాడు కట్టుకుని ఈ గట్టు వెంటే నడుస్తూ ధాన్యం పడవలను లాగేవారట. వాళ్ల అడుగులతో గట్టిపడిన గట్టు మీదనే నేను రోజూ నడుస్తున్నానన్న ఊహ నాకు చాలా ఇష్టం. ఆ ఊహ ఉన్న రోజు నడక బరువనిపించదు.

పది నుంచి నాలుగింటి దాకా మిషను మీదే కూర్చున్నాను. పండుగ వారం కాబట్టి జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. లైనింగు వేయాల్సినవే పదకొండు. నాది మోటారు లేని పాత మిషను. రోజంతా రెండు పాదాలూ పెడలు మీద ముందుకూ వెనక్కీ ఆడుతూనే ఉంటాయి, సాయంత్రానికి పిక్కలు రాళ్లలా బిగుస్తాయి. అయినా నడుము కదలదు కనుక ఫోను దాన్ని నడకగా ఒప్పుకోదు. ఒక్క విషయంలో మాత్రం దాన్ని ఒప్పించగలిగాను. మా అమ్మమ్మకు రొండిన దోపుకునే తిత్తి ఒకటి ఉండేది. ఒక అరలో తమలపాకులు, ఇంకో అరలో వక్కలు, అడుగున చిల్లర డబ్బులు పెట్టుకుని, మూతి నాడాతో బిగించి చీర కుచ్చిళ్ల పక్కన దోపుకుంటే మనిషి ఎంత తిరిగినా అది కదిలేది కాదు. కిందటి నెలలో ఎవరో వదిలేసిన ముదురాకుపచ్చ పట్టు ముక్క చేతికి తగిలినప్పుడు ఆ తిత్తి గుర్తొచ్చింది. ఆరున్నర అంగుళాల ఫోను పట్టేలా కొలిచి, చెమట తగలకుండా లోపల రెండు వరసల లైనింగు వేసి, జారకుండా వెనక వైపు నూలుబట్ట పట్టీ కుట్టి, మూతికి నాడా ఎక్కించాను. అప్పటి నుంచి పెరట్లో బట్టలు ఆరేసినా, కొబ్బరికాయల ఒలుపు దగ్గర కూలీలకు మజ్జిగ పట్టుకెళ్లినా ఆ అడుగులు లెక్కలోకి వస్తున్నాయి. తెల్లారగట్ల మాత్రం ఛార్జింగు చాలక దాన్ని గూట్లో వదలాల్సి వస్తోంది. ఈ వేళ జాకెట్టు కోసం వచ్చిన అమ్మాయి తిత్తిని తిప్పితిప్పి చూసి, “ఇలాంటిదే మా అమ్మకొకటి కుట్టిపెట్టండి. ఆయ్, భోగి వెళ్లాక ఇచ్చినా పర్లేదండి” అని చెప్పి వెళ్లింది. నాకు రోజంతా సంతోషంగా అనిపించింది.

మా అబ్బాయి ఆట గురించి కూడా ఇక్కడ రాయాలి. వాడిది ఇంటర్ రెండో సంవత్సరం. 2020లో కరోనాకు బడులు మూసేసి ఫోన్లలో పాఠాలు మొదలుపెట్టినప్పుడు, కొబ్బరి దింపు డబ్బులు చేతికి రాగానే వాడి చదువు కోసమని ఇంట్లోకి మొదటి స్మార్ట్‌ఫోను తెచ్చాం. పాఠాల వెనకే పబ్జీ కూడా వచ్చింది. ఆ సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధిస్తే పీడ వదిలిందనుకున్నాను గానీ, మరుసటి ఏడాదే అది బీజీఎంఐ అనే పేరుతో తిరిగి వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు ఆడాలంటే పెద్దవాళ్ల ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఒక మధ్యాహ్నం నేను జాకెట్టు చేతులు కత్తిరిస్తుండగా వాడు వచ్చి, “అమ్మా, నీ ఫోనుకో నంబరొచ్చింది, చదువు” అంటే కత్తెర కింద పెట్టకుండానే చదివి చెప్పాను. అలా నేనే అనుమతి ఇచ్చానని తర్వాతెప్పుడో తెలిసింది.

మూడేళ్ల కిందట ఒక రాత్రి, అన్నం చల్లారిపోతోందని నాలుగుసార్లు పిలిచినా “రెండు నిమిషాలమ్మా” అంటూనే ఉంటే, కోపం పట్టలేక ఫోను లాక్కుని ఆపేశాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఆట ఎలా నడుస్తుందో అప్పటికి నాకు తెలియదు. వంద మంది దాకా ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఎరాంగెల్ అనే దీవిలో విమానం నుంచి దిగుతారు. చుట్టూ వలయం ముడుచుకుంటూ వస్తుంటే అందరూ లోపలికి పరుగెత్తాలి, ఒకరినొకరు కాల్చుకోగా చివరిదాకా మిగిలినవాళ్లదే గెలుపు. ఒక ఆట అరగంట పడుతుంది. క్యారమ్స్ లాగా మధ్యలో ఆపి, మళ్లీ వచ్చి అందుకోవడం కుదరదు. నలుగురు జట్టుగా ఆడేటప్పుడు ఒకడు చెప్పకుండా లేచిపోతే మిగతా ముగ్గురూ నష్టపోతారు. ఇవన్నీ వాడు ఓపికగా చెప్పాక మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. మొదలుపెట్టే ముందు వంట ఎంతసేపట్లో అవుతుందో నన్ను అడగాలి, మార్చి పరీక్షలు అయ్యేదాకా రోజుకు ఒక్క ఆటే ఆడాలి. వాడు ఆ మాట తప్పలేదు.

రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదిన్నరకు చూసుకుంటే 6,860 అడుగులున్నాయి. లక్ష్యం తప్పకుండా 37 రోజులుగా వస్తోంది, ఈ రోజు 38. వాడు గదిలో తన ఒక్క ఆటా మొదలుపెట్టాడు, నేను తిత్తి దోపుకుని డాబా ఎక్కాను. అంచు వెంట ఒక చుట్టు తిరిగితే అరవై అడుగులు పడతాయి. ఏడో చుట్టులో ఉండగా కింద నుంచి అత్తయ్యగారు, “అమ్మాయ్, ఒక్కసారిలా వస్తావా” అని పిలిచారు. చలికాలం రాత్రుళ్లు ఆవిడకు మోకాళ్లు బిగుసుకుపోతాయి, చెయ్యి పట్టుకుంటే గానీ మంచం దిగలేరు. ఆ సంగతి నాకు తెలుసు. ఫోను చూసుకుంటే ఇంకా 210 ఉన్నాయి. “రెండు నిమిషాలండీ అత్తయ్యా” అని కేక వేసి నడుస్తూనే ఉన్నాను.

రెండోసారి పిలుపు వినబడ్డాక దిగాను. గదిలో మంచం మీద మా అబ్బాయి ఫోను వెలుగుతూ ఉంది, అందులోంచి వాడి స్నేహితులు “ఎక్కడున్నావురా” అని అరుస్తున్నారు. వాడు నాయనమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆవిడ అడుగుకు తన అడుగు కలుపుతూ స్నానాలగది వైపు నడిపిస్తున్నాడు. వలయంలో అప్పటికి పదకొండు మందే మిగిలారట. తిరిగి వచ్చేసరికి వాడి ఆట అయిపోయింది.

“పోయిందా?” అన్నాను.

“పోయింది. నాయనమ్మ పిలిచింది కదమ్మా” అని స్నేహితులకు క్షమించమని సందేశం పెట్టి, “నీకెన్ని మిగిలాయి?” అని అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. “అయితే వెళ్లి పూర్తి చేసెయ్, నాయనమ్మ దగ్గర నేనుంటాలే” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏ కోశానా లేదు. మూడేళ్ల కిందట వాడి నోట నేను సహించలేకపోయిన మాటే ఈ రాత్రి డాబా మీద నుంచి నేను అత్తయ్యగారికి చెప్పాను. నా చేతిలోంచి ఫోను ఎవరూ లాక్కోలేదు. వాడికి నా ఆరాటం పూర్తిగా అర్థమైంది. ఆ రోజు వాడి ఆరాటం నాకు అర్థం కాలేదు. ఈ మాట వాడితో పైకి కూడా అన్నాను. వాడు “పోనీలేమ్మా, ఎప్పటిదో” అని పుస్తకం తీసుకున్నాడు.

మళ్లీ డాబా ఎక్కలేదు. కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చచేసి, అత్తయ్యగారి మోకాళ్లకు ఆవిడ నిద్రపోయేదాకా మర్దన చేశాను. తిత్తిలోంచి ఫోను తీసి చూస్తే మెట్లు దిగినవి కలుపుకుని 7,412 దగ్గర ఉంది. దాన్ని గూట్లో ఛార్జింగుకు పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. రేపు పొద్దుటే ఇవ్వాల్సిన జాకెట్టు ఒకటుంది, దానికి ఇంకా హుక్కులు కుట్టాలి.