మూట్ కోర్టులో సైనికుడి వైపు నిలబడితే

ఎల్‌ఎల్‌బీలో మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కేసు మీద కోర్టులోలా వాదించడం, తప్పదు కదా, నాకేమో డిఫెన్స్ సైడ్ పడింది. ఆఫీసర్ చెప్పాడని ఖైదీల్ని కాల్చేసిన సైనికుడు, వాణ్ణి నేను వెనకేసుకు రావాలి. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం బస్సులో వెళ్తూ వస్తూ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టమైన రోమ్ స్టాట్యూట్ చదివేదాన్ని, నిందితుడు చెప్పుకోదగ్గ డిఫెన్సులున్న 31, 32, 33 ఆర్టికల్స్ దొరికేసరికి పనైపోయిందనుకుని పిచ్చి, మత్తు, ఆత్మరక్షణ, పొరపాటు అన్నీ మెమోరియల్‌లో, అంటే రాసిచ్చే వాదనలో, కుక్కేశా.

ప్రాక్టీస్ రోజు సార్ మొదటి పేజీలోనే ఆపేశారు. "పైవాడి ఆర్డరూ ప్రాణభయమూ ఒకటేనామ్మా?" అన్నారు. రెండూ ఒకే పేరాలో కలిపేశా మరి. ఆర్డర్ సంగతి 33లో ఉంది, అది తప్పుడు ఆర్డరని చూడగానే తెలిసిపోయేలా ఉంటే చెల్లదు, జినోసైడ్‌కీ (జాతి నిర్మూలన) మానవాళిపై నేరాలకీ అయితే ఆ తలుపే మూసేశారు. చంపేస్తామని బెదిరిస్తే చేశా అన్నది వేరే, అది 31.

ఆ రాత్రి బోస్నియా యుద్ధం నాటి ఎర్డెమోవిచ్ అనే సైనికుడి కేసు పట్టుకున్నా. 1995 జులైలో స్రెబ్రెనిత్సాలో పట్టుకున్నవాళ్లని బస్సుల్లో తెచ్చి కాల్చమన్నారు, ఇతను ముందు కాదన్నాడట, జాలేస్తే నువ్వూ వాళ్ల పక్కన నిలబడు అన్నారట. ఇంతవరకు అమ్మకి చదివి వినిపించా. బచ్చలికూర కోస్తూ "మరాడేటి సేత్తాడే, కాల్చకపోతే ఆడ్నీ సంపేత్తారు కదా" అంది. నా దగ్గర సమాధానం లేదు. హేగ్‌లో ఆ యుద్ధ నేరాల కోర్టు అప్పీల్ జడ్జీలు ఐదుగురూ సరిగ్గా అక్కడే చీలిపోయారు, 1997 అక్టోబర్‌లో 3-2తో, అమాయకుల్ని చంపితే బెదిరింపు పూర్తి డిఫెన్స్ కాదు, శిక్ష తగ్గుద్దంతే అని తేల్చారు. కాసేసే అనే జడ్జి ఒప్పుకోలేదు, అంటే మా అమ్మ కాసేసే పార్టీ అన్నమాట.

అసలు రోజు అవతలి బ్యాచ్ ఉగాండా తిరుగుబాటు కమాండర్ ఆంగ్వెన్ కేసు తీసింది, 2021లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వాళ్లు ప్రాణభయం, మానసిక జబ్బు రెండూ చెల్లవని కొట్టేసి 25 ఏళ్లేశారు. పైగా జడ్జిగా కూర్చున్న మేడం "మన చట్టం ఏమంటోంది?" అన్నారు. పాత ఐపీసీ సెక్షన్ 94, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 32, హత్యకి బెదిరింపు సాకు పనికిరాదు, నాకు ఎదురే అయినా చెప్పేశా. కానీ మేడం, రోమ్ స్టాట్యూట్ హత్యని అలా విడిగా తీసెయ్యలేదు, తప్పించుకోవాలనుకున్న హాని కంటే పెద్ద హాని తలపెట్టకూడదు అనే ఉంది అన్నా. "అయితే ఒక ప్రాణానికి ఎంతమంది?" అన్నారు. నీళ్లు నమిలి, కనీసం శిక్షయినా తగ్గించండి అని కూర్చున్నా.

కేసు పోయింది, మార్కులు బానే వచ్చాయి. ఇంటికెళ్తే అమ్మ "ఆడ్ని ఒగ్గేసారేటి?" అంది, ఎర్డెమోవిచ్ గురించే. లేదమ్మా, ముందు 10 ఏళ్లేసి తర్వాత 5 చేశారు, తనొక్కడే ఓ 70 మందిని చంపుంటానని తనే చెప్పాడు అన్నా.

"డెబ్బై మందినే?" అంది. ఇంకేం మాట్లాడలేదు.