దప్పళంలోకి ఏ స్క్వాష్?

అక్టోబర్ వచ్చిందంటే ఇక్కడ న్యూజెర్సీలో ప్రతి సూపర్‌మార్కెట్ బయటా గుమ్మడికాయల గుట్టలే. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ నారింజ రంగు పెద్దకాయ చూసి మురిసిపోయి తెచ్చి పులుసు పెట్టేస్తుంటారు. అది హాలోవీన్‌కి కళ్ళూ ముక్కూ చెక్కి దీపం పెట్టుకునే కాయ. పీచూ నీళ్ళే ఎక్కువ, రుచి తక్కువ. వంటకి లోపల కూరగాయల దగ్గరుండే చిన్న కాయలు తీసుకోండి. గుమ్మడి కుటుంబంలోని ఈ కాయల్నే ఇక్కడ స్క్వాష్ అంటారు.

దప్పళానికి నా ఓటు కబోచా అనే జపాన్ గుమ్మడికే. ముదురాకుపచ్చ తొక్క, లోపల పండు పసుపు, తియ్యగా పిండిపిండిగా ఉంటుంది. తొక్క తీయక్కర్లేదు, ఉడికితే మెత్తబడుతుంది. పైగా తొక్క ఉంటేనే ముక్క చెదరకుండా నిలుస్తుంది. ములక్కాడలు, వంకాయ, చిన్నుల్లిపాయలు సగం ఉడికాక చింతపండు పులుసు పోసి, అప్పుడు వేయాలి ఈ ముక్కలు. ముందే వేస్తే పులుసులో కలిసిపోతాయి. ఇది సహజంగానే తీపి కాబట్టి బెల్లం సగం తగ్గించండి.

కోయడమే పెద్ద తంటా. గుమ్మడికాయకి మొదటి గాటు మగవాళ్ళే పెట్టాలని మా అత్తగారు ఇప్పటికీ ఫోన్‌లో చెబుతారు. కబోచా గట్టిదనం చూస్తే ఆవిడ మాట వినడమే నయమనిపిస్తుంది. మా ఆయన ఇంట్లో లేనప్పుడు మాత్రం ఫోర్క్‌తో నాలుగైదు చోట్ల గుచ్చి, మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు పెడతాను. కత్తి సులువుగా దిగుతుంది. గుచ్చకుండా పెడితే లోపల ఆవిరి పట్టి కాయ పేలే ప్రమాదం ఉంది, జాగ్రత్త.

మెడ పొడుగ్గా ఉండే బటర్‌నట్ స్క్వాష్ సంగతి వేరు. 1940లలో మసాచుసెట్స్‌లో పుట్టిన రకమట గానీ, జాతి మాత్రం మన ఊళ్ళలో పండే తీపి గుమ్మడిదే. అందుకే ఆవ పెట్టిన కూరకి ఇది చక్కగా కుదురుతుంది. పీలర్‌తో తొక్క వచ్చేస్తుంది, కాకపోతే దాని జిగురు చేతికంటి ఎండితే చర్మం బిగుసుకుపోతుంది, గ్లవ్స్ వేసుకోండి. మెడ భాగంలో గింజలుండవు, అదంతా గట్టి కండే. ముక్కలు కాస్త పలుకుగా ఉడికించి, పోపులో చింతపండు గుజ్జు, బెల్లం, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు వేసి దగ్గరపడనివ్వాలి. నానబెట్టిన ఆవాలు ఎండుమిర్చితో మెత్తగా నూరి, స్టవ్ కట్టేసి కూర కాస్త చల్లారాకే కలపాలి. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది. పొద్దున చేసిన కూర రాత్రికి తింటే ముక్కు అదురుతుంది, అప్పుడే దాని మజా.

ఏకార్న్ అనే చిన్న స్క్వాష్‌కి తొక్క మీద లోతైన గాడులు ఎక్కువ, తొక్క తీయబోతే వేళ్ళు తెగుతాయి. సగానికి కోసి ఓవెన్‌లో పెట్టి, గుజ్జు గీకి పెరుగుపచ్చడి చేసుకోవచ్చు. ఉడికితే నూడుల్స్‌లా పోగులుగా విడిపోయే స్పగెటీ స్క్వాష్‌తో మన వంటకి పనిలేదు.

కొనేటప్పుడు తొడిమ చూడండి. ఎండిన తొడిమ ఊడకుండా ఉండాలి, తొక్క మీద గోరు దిగకూడదు. కోయని కాయని ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లగా పొడిగా ఉండే బేస్‌మెంట్ మేలు. ఏకార్న్ నెలకి మించి ఆగదు గానీ బటర్‌నట్ రెండు మూడు నెలలుంటుంది. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు చవగ్గా దొరికినప్పుడు ఒకటి ఎక్కువ కొనిపెట్టుకుంటే సంక్రాంతి కూరకి వెతుక్కోనక్కర్లేదు.