మూడొందల ఏళ్ల తుప్పును గీకమన్నారు: పాత ఖడ్గం తెప్పించుకోవడంలో నా అనుభవం

నిన్న సాయంత్రం నా వకిజాషి చేతికొచ్చింది. ఒళ్లు మంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. పాత కత్తులు సేకరించేవాళ్లకు, ముఖ్యంగా జపాన్ నుంచి తెప్పించుకుందాం అనుకునేవాళ్లకు పనికొస్తుంది.

సమురాయ్‌లు నడుముకు పెట్టుకున్న రెండు కత్తుల్లో చిన్నది వకిజాషి. వాళ్ల కొలతలో ఒక షాకుకు పైన, రెండు షాకులకు లోపల, అంటే సుమారు 30 నుంచి 60 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. నేను కొన్నది పదిహేడో శతాబ్దంలో ఎచిజెన్ సెకి వర్గం కమ్మరులు చేసింది. దాని మీద కమ్మరి సంతకం లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, నా తిప్పలన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

కొనడం, డబ్బు పంపడం చిటికెలో అయిపోయాయి. జపాన్ వైపు కాగితాల్లోనూ ఏ చిక్కూ రాలేదు. అక్కడ 15 సెంటీమీటర్లు, అంతకు మించి బ్లేడు ఉన్న పాత ఖడ్గానికి తోరోకుషో అనే రిజిస్ట్రేషన్ కార్డు ఉండాలి. ఖడ్గం దేశం దాటాలంటే ఆ కార్డు వెనక్కి ఇచ్చేసి, సాంస్కృతిక వ్యవహారాల సంస్థ నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. అమ్మినాయనే అన్నీ చూసుకున్నారు. కొంచెం ఆగాల్సి వచ్చింది, అంతే.

అసలు గొడవ పార్సెల్ ఇక్కడ దిగాక మొదలైంది. ట్రాకింగ్‌లో 'కస్టమ్స్ హోల్డ్' అని పడింది. ఆ మర్నాడు కొరియర్ వాళ్ల ఏజెంట్ ఫోన్ చేశాడు. "సార్, మీ పార్సెల్‌లో ఆయుధం ఉందట. లైసెన్స్ కాపీ, వివరణ పంపండి" అన్నాడు. "అది ఆయుధం కాదండీ, పురాతన వస్తువు. ఇన్వాయిస్ మీద 9706 అని రాసే ఉంది కదా" అన్నాను. "సార్, కత్తి అంటే 9307. నేను అదే వేశాను."

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఎగుమతి దిగుమతుల్లో సరుకును హెచ్‌ఎస్ కోడ్‌తోనే గుర్తిస్తారు. అందులో మొదటి ఆరు అంకెలు ఆ పద్ధతి పాటించే దేశాలన్నిటిలోనూ ఒకటే. 9307 ఖడ్గాలు, బాయినెట్లు, ఈటెలు, వాటి ఒరలకు. 9706 నూరేళ్లు దాటిన పురాతన వస్తువులకు. 2022 నుంచి దీన్ని కూడా రెండు చేశారు: 250 ఏళ్లు దాటినవి 9706.10 కిందికి, మిగతావి 9706.90 కిందికి వస్తాయి. ఆయుధాలకు కేటాయించిన 93వ అధ్యాయం మొదట్లో ఉన్న గమనికలోనే, పురాతన వస్తువులు ఈ అధ్యాయం కిందికి రావని రాసి ఉంది. అంటే వెతుక్కోవాల్సిన రహస్యమేమీ కాదు, మొదటి పేజీ. ఏజెంట్ ఆ పేజీ తిప్పలేదు. ఇన్వాయిస్‌లో 'స్వోర్డ్' అన్న మాట చూశాడు, 9307 కొట్టేశాడు. మన వస్తువు గతి తేల్చేది అతను నొక్కే ఆ నాలుగంకెలే. పన్ను మారిపోతుంది, లైసెన్స్ అడుగుతారా లేదా అన్నది మారిపోతుంది. ఆ బాధ్యత తెలియనివాళ్లు ఈ పనిలో ఉండకూడదు. కొరియర్ వాళ్లు అంటగట్టే ఏజెంట్‌ను నేను ఇక జన్మలో ఒప్పుకోను. పురాతన వస్తువులు క్లియర్ చేసిన అనుభవం ఉన్న మనిషిని ముందే మాట్లాడుకుని, పార్సెల్ బయల్దేరకముందే కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టండి.

ఇక పరిశీలన రోజు. నా ఎదురుగానే పెట్టె తెరుస్తామన్నారు, వెళ్లాను. ఇనుప బల్ల మీద పెట్టె పెట్టి టేపు కోశారు. కత్తి షిరసాయలో ఉంది. అది హోనోకి అనే చెక్కతో చేసిన సాదా ఒర, పిడి. వాడకానికి కాదు, బ్లేడును భద్రపరచడానికి చేస్తారు. అధికారి ఒర లాగి బ్లేడును ట్యూబ్‌లైటు కింద తిప్పి చూశాడు. చూసి, బొటనవేలు పెట్టి బ్లేడు పక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు రాశాడు. నా ప్రాణం పోయినంత పనైంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ ఉక్కు మీద పడితే తుప్పు మొదలవుతుంది. మేం శ్వాస కూడా తగలనివ్వం.

"ఇది కొత్తది కదా" అన్నాడు.

"కాదండీ, పదిహేడో శతాబ్దానిది."

"ఇంత మెరుస్తోంది. ఒర కూడా కొత్త చెక్క. మూడొందల ఏళ్ల ఇనుము ఇలా ఉంటుందా?"

జపాన్‌లో కత్తికి సాన పట్టడం కమ్మరి పనికి ఏమాత్రం తీసిపోని విద్య. ఒకదాని కన్నా ఒకటి నున్నటి రాళ్లతో రోజుల తరబడి పడతారు. తరాల తరబడి నూనె రాసి, తుడిచి, దాచుకుంటూ వచ్చారు కాబట్టే అది మెరుస్తోంది. వాదర పొడుగునా పొగమంచులా కనిపించే తెల్లటి గీతను హమోన్ అంటారు. ఉక్కును కాల్చి నీళ్లలో ముంచినప్పుడు ఏర్పడుతుంది. కొత్త నకిలీ కత్తుల మీద అది ఆమ్లంతో వేసిన బొమ్మ. రెంటికీ తేడా నేను దూరం నుంచి చూసి కూడా చెప్పగలను. ఇన్నేళ్లుగా నేను కొన్న కత్తుల్లో ఒక్కటి కూడా నకిలీ తేలలేదు. ఇదంతా చెప్పాను. ఆయన వినలేదు.

"పిడి ఊడదీయండి" అన్నాడు. వెదురు సీల తీసి పిడి ఊడదీశాను. పిడి లోపలికి దిగే ఇనుప భాగాన్ని నకాగో అంటారు. దాన్ని ఎవరూ సాన పట్టరు, నూనెతో రుద్దరు. అలాగే వదిలేస్తారు. నా కత్తి నకాగో ముదురు గోధుమ రంగు దాటి నలుపులోకి తిరిగింది. చేత్తో తడిమితే పెళుసుగా రాలదు, నున్నగా ఉంటుంది. దాని మీద కమ్మరి ఆకురాయితో పెట్టిన ఏటవాలు గీతలు సగం అరిగిపోయి కనిపిస్తాయి. సీల కోసం రెండు రంధ్రాలున్నాయి, అంటే ఎప్పుడో ఒకప్పుడు పిడి మార్చారన్నమాట. ఇలాంటి కత్తి వయసు తేల్చేవాళ్లు మొదట చూసేది ఈ భాగమే.

అధికారి మొహం చిట్లించాడు. "ఇదేంటి, ఇంత తుప్పు! ఈ తుక్కుకా అంత విలువ వేశారు?"

ఆయన రాసుకున్న కాగితం తర్వాత నాకు కాపీ ఇచ్చారు. ఒక లైనులో 'కొత్తగా తయారైనట్టు కనిపిస్తున్నది' అని ఉంది. దాని కిందే 'తుప్పు పట్టి ఉన్నది, ప్రకటించిన విలువ అనుమానాస్పదం' అని ఉంది. ఒకే కత్తికి, ఒకే చేతి రాతతో.

"చేసినవాడి పేరు, తేదీ ఎక్కడున్నాయి?" అన్నాడు. లేవన్నాను. సంతకం లేని కత్తులు జపాన్‌లో లెక్కలేనన్ని ఉన్నాయని, వాటిని పనితనం బట్టి ఏ వర్గానివో గుర్తిస్తారని చెప్పాను. "తుప్పు కింద ఉండొచ్చు కదా, గీకి చూద్దాం" అని సహాయకుడిని పిలిచాడు. అతను ఎమరీ పేపర్ ముక్క పట్టుకొచ్చాడు.

నేను రెండు చేతులూ నకాగో మీద అడ్డం పెట్టేశాను. "ముట్టుకోవద్దండీ!" అని గట్టిగానే అరిచాను. గదిలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆ తుప్పు పేరుకోవడానికి వందల ఏళ్లు పట్టింది. గీకేస్తే మళ్లీ రాదు. కత్తి విలువ అక్కడికక్కడే పడిపోతుంది. పైగా వయసుకు నా దగ్గరున్న మొదటి రుజువే అది. పాత దస్తావేజు మీద వేలిముద్ర చెరిపేసి, ఆస్తి నీదేనని నిరూపించుకో అన్నట్టుంది.

"ప్రభుత్వ పనికి అడ్డొస్తున్నారు" అన్నాడు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎందుకు అరిచానో రాసివ్వమన్నారు. తర్వాత ఇంకొకాయన వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టాడు. కత్తులు ఎందుకు కొంటున్నారు? ఎవరితోనైనా గొడవలున్నాయా? ఇంట్లో ఎవరెవరుంటారు? ఇంట్లో ఇంకెన్ని కత్తులున్నాయి? వాటిని ఎవరికైనా అమ్ముతారా? అటుగా వెళ్తున్నవాళ్లు నన్నొక నేరస్థుణ్ని చూసినట్టు చూశారు. చదువు, ఉద్యోగం, వయసు ఏవీ అక్కడ అక్కరకు రాలేదు. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నా మనసంతా లోపల బల్ల మీద ఊడదీసి పెట్టిన కత్తి మీదే ఉంది. పక్కనే ఎమరీ పేపర్ ఉంది.

కత్తి అనగానే హత్యే గుర్తుకొచ్చేవాళ్లకు ఒక మాట చెప్పాలి. జపాన్‌లో 1876లోనే జనం బాహాటంగా ఖడ్గం ధరించడాన్ని నిషేధించారు. 1945లో ఓడిపోయాక ఆక్రమణ సైన్యం కత్తుల్ని ఆయుధాలుగా లెక్కగట్టి స్వాధీనం చేసుకుంది. ఎన్నో నాశనమయ్యాయి. ఇవి కళాఖండాలని అప్పుడు పట్టుబట్టి చెప్పినవాళ్లు ఉన్నారు కాబట్టే మిగతావి బతికాయి. 1948లో కళా ఖడ్గాల పరిరక్షణకంటూ ఒక సంఘమే ఏర్పడింది. ఎన్‌బీటీహెచ్‌కే అంటే అదే. అంత గండం దాటొచ్చిన కత్తిని ఎమరీ పేపర్‌కు బలి చేయడానికి నాకు మనసెలా ఒప్పుతుంది?

ఆ సంఘం ఇచ్చిన హోజోన్ పత్రం, అంటే ఇది భద్రపరచదగ్గ కత్తి అని ఇచ్చే ధ్రువపత్రం, నా కత్తికి ఉంది. నకాగో ఫొటోతో సహా ఉంటుంది. సేకర్తల్లో దానికి తిరుగులేదు. కానీ కస్టమ్స్‌లో అది కూడా బెడిసికొట్టింది. పత్రంలో 'వకిజాషి, సంతకం లేదు, ఎచిజెన్ సెకి' అని ఉంది తప్ప, ఏ సంవత్సరంలో చేశారో లేదు. కత్తి తెలిసినవాడికి ఆ వర్గం పేరే కాలం చెబుతుంది కాబట్టి వాళ్లు వేయరు. "ఏడాది లేదు కాబట్టి చెల్లదు" అని పక్కన పడేశారు. పైగా అంతా జపనీసు.

చివరికి పని అయింది రెండు కారణాల వల్ల. మ్యూజియంలో పాత లోహ వస్తువుల సంరక్షణ చూసే నిపుణుడొకరు వచ్చి కత్తి చూసి లేఖ రాసిచ్చారు. నకాగో రంగు, ఆకురాయి గీతల అరుగుదల, రెండు రంధ్రాలు, బ్లేడు ఆకారం, ఒక్కోటీ ఏ కాలాన్ని సూచిస్తుందో విడివిడిగా రాసి, 250 ఏళ్లు తప్పకుండా దాటిందని తేల్చారు. రెండోది, ఫైలు పై అధికారిణి దగ్గరికి వెళ్లడం. ఆవిడ 93వ అధ్యాయం గమనిక తానే తెరిచి చదివారు. నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "మిగతాదంతా ఇంత శుభ్రంగా ఉంటే ఈ ముక్క ఒక్కటే ఎందుకిలా వదిలేశారండీ?" చెప్పాను. శ్రద్ధగా విన్నారు. కోడ్ 9706.10కి మార్చమని రాసి సంతకం పెట్టారు. సరైన ప్రశ్న అడిగే మనిషి దొరికితే ఇంత తేలికైన పని.

కాబట్టి వయసు గురించి నిపుణుడి లేఖ కొనేముందే సంపాదించండి, ఫొటోలు చూసి రాసిచ్చినా మేలే. లేఖలో 'పురాతనమైనది' అని ఊరుకోకుండా నూరేళ్లా, రెండొందల యాభైయా అన్నది అంకెల్లో ఉండాలి. జపనీసు పత్రాలకు అనువాదం జత చేయండి. నకాగో రెండు వైపులా దగ్గర నుంచి తీసిన ఫొటోలు లేకుండా కొనకండి. మీ దేశంలో పాత ఖడ్గాలకు మినహాయింపు ఏ వాక్యంలో ఉందో ఆ పేజీ అచ్చు వేసి పెట్టుకోండి. దేశానికో తీరుగా ఉంటాయి ఇవి. బ్రిటన్‌లో 2008లో 50 సెంటీమీటర్లు, ఆ పైన ఉన్న వంపు కత్తుల్ని నిషేధించినా, 1954కు ముందు చేసినవాటికీ, సంప్రదాయ పద్ధతిలో చేత్తో చేసినవాటికీ సడలింపు ఇచ్చారు. అది తెలియక కొనడమే మానేసినవాళ్లు ఉన్నారు.

పిడి దేనితో చేశారో కూడా చూసుకోండి. ఏనుగు దంతం, వాల్రస్ దంతం, ఖడ్గమృగం కొమ్ము ఉంటే కత్తి ఎంత పాతదైనా, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద కాగితాలు అడుగుతారు. నాకు తెలిసిన ఒక సేకర్తకు చెందిన పర్షియా షంషీర్ వాల్రస్ దంతపు పిడి వల్లే ఆగిపోయింది. అతను కత్తికి కాగితాలన్నీ తెచ్చాడు, పిడికి తేలేదు.

పరిశీలన జరిపేవాళ్లకు ఒక చీటీ రాసి, ఒక జత నూలు చేతి తొడుగులతో పాటు పెట్టెలో పైనే కనబడేలా పెట్టించండి: 'బ్లేడును చేత్తో ముట్టుకోవద్దు, పిడి లోపలి తుప్పును తుడవొద్దు, గీకొద్దు.' వాళ్ల భాషలోనే రాయించండి. నేను అమ్మినాయనకు తర్వాతి కత్తి విషయంలో ఇప్పుడే ఈ మాట చెప్పేశాను.

నిన్న ఇంట్లో ఒర లాగి చూస్తే, హమోన్‌కు కాస్త పైన కోడిగుడ్డు ఆకారంలో లేత గోధుమ రంగు మచ్చ ఉంది. ఆ బొటనవేలిదే. లవంగ నూనె రాసి మెత్తటి కాగితంతో తుడిచాను, పోలేదు. అది పోవాలంటే మళ్లీ సాన పట్టించాలి. సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు అరిగిపోతుంది, అందుకే ఇంకా నిర్ణయించుకోలేదు. మచ్చకు ఫొటోలు తీసి, ఆ రెండు లైన్ల కాగితం కాపీతో కలిపి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాను. ఏజెంట్ వేసిన తప్పుడు కోడ్ వల్ల గోదాములో పడి ఉన్నన్నాళ్లకు నా దగ్గర వసూలు చేసిన డెమరేజ్ కూడా తిరిగి ఇమ్మని అందులోనే అడిగాను.