సెబేషియస్ సిస్ట్ అని రాసేస్తే సరిపోదండీ

అమెరికా చార్టులు, అంటే అక్కడి పేషెంట్ల రికార్డులు చూసి రోగానికీ చికిత్సకీ బిల్లింగ్ కోడ్ వేసేవాళ్లకి ఎల్72.3 అంటే చేతికి అలవాటైపోయిన కోడ్, డాక్టర్ నోట్‌లో సెబేషియస్ సిస్ట్ (నూనె గ్రంథి నుంచి వచ్చిన సంచి గడ్డ అని ఆ మాటకి అర్థం) అని కనబడగానే వేళ్లు వాటంతట అవే టైప్ చేసేస్తాయి. నాకు మాత్రం ఆ మాట చూస్తేనే అనుమానం. ఎందుకంటే ఆ పేరుతో పిలిచే గడ్డల్లో చాలావాటికి నూనె గ్రంథితో సంబంధమే ఉండదు, లోపల ఉండేది కెరాటిన్, అంటే చర్మం పైపొర రాల్చే పదార్థమే, గట్టి జున్నులా తెల్లగా, వాసనతో ఉంటుంది.

మధ్యలో చిన్న నల్ల చుక్కలాంటి రంధ్రం ఉండి, వేలితో కదిపితే పైచర్మంతో పాటే కదిలితే ఎక్కువగా ఎపిడెర్మల్ సిస్ట్ (చర్మం పైపొర కణాలతో ఏర్పడే సంచి గడ్డ) అనుకుంటారు, దాని కోడ్ ఎల్72.0. మెత్తగా ఉండి వేలు నొక్కితే పక్కకి జారిపోతే కొవ్వు గడ్డేమో, అది డీ17 గ్రూపు, అసలు ఈ కుటుంబమే కాదు. తల మీద నున్నగా, రంధ్రం లేకుండా ఉంటే పైలార్ సిస్ట్ (వెంట్రుక కుదురు నుంచి వచ్చే గడ్డ) అయ్యే అవకాశం ఎక్కువ, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉందా అని అడిగితే చాలాసార్లు ఉందనే అంటారు.

ఒక చార్ట్ ఇంకా గుర్తుంది. తల మీద గడ్డ, డాక్టర్ గారు సెబేషియస్ అని రాశారు, కోసిన ముక్కని ల్యాబ్‌లో చూసి ఇచ్చే పాథాలజీ రిపోర్ట్‌లో మాత్రం గ్రాన్యులర్ పొర (పైచర్మంలో ఉండే ఒక కణాల వరుస) లేదు, ట్రైకిలెమ్మల్ సిస్ట్ అని ఉంది. డాక్టర్ల భాషలో పైలార్, ట్రైకిలెమ్మల్ రెండూ ఒకటే, కానీ కోడ్ బుక్‌లో పైలార్ ఎల్72.11కి, ట్రైకిలెమ్మల్ ఎల్72.12కి పోతాయి, అంటే రిపోర్ట్‌లో ఏ మాట రాశారన్నదే కోడ్‌ని తేలుస్తుంది. అందుకే రిపోర్ట్ వచ్చేదాకా ఆగండి అని కొత్తవాళ్లకి పదే పదే చెప్తుంటా, ఒక్కరోజు ఆలస్యమైతే ఏమీ కొంపలు మునగవు.

అదే చార్ట్‌లో కొలత సంగతి కూడా. గడ్డ 1.8 సెంటీమీటర్లు, అటూ ఇటూ 0.2 చొప్పున మార్జిన్, అంటే గడ్డ చుట్టూ ఉన్న అంచు కూడా తీశారు, మొత్తం 2.2. ఇక్కడ వేసేది గడ్డ తీసిన ఆపరేషన్‌కి కోడ్, గడ్డ సైజు ఒక్కటే చూస్తే 11422, మార్జిన్ కలిపితే 11423. ఈ కొలత కోయకముందు తీసుకోవాలి, ఎందుకంటే కోసిన ముక్క ఫార్మలిన్‌లో (ముక్కని పాడవకుండా ఉంచే ద్రవం) ముడుచుకుపోతుంది, రిపోర్ట్‌లోని సైజు నమ్ముకుంటే డాక్టర్ చేసిన పనికి తక్కువ కోడ్ పడుతుంది. డాక్టర్లు మార్జిన్ రాయరు, రాయమని ఎన్నిసార్లు వాళ్లకి క్వెరీ, అంటే రాతపూర్వకంగా ప్రశ్న, పెట్టానో.

ఇంకోటి, సిస్ట్ వాచి, చీము పట్టి వస్తే కోసి చీము తీసి పంపిస్తారు, అది ఎక్సిజన్ (గడ్డని మొత్తంగా కోసి తీయడం) కాదు, దాని కోడ్ 10060. సంచి గోడ లోపలే ఉండిపోయింది కాబట్టి గడ్డ మళ్లీ రావచ్చు, వాపు తగ్గాక సంచితో సహా తీసినప్పుడే 114 తో మొదలయ్యే కోడ్ వేయాలి.