మర్రిపాలెంలో 26 లక్షల ఇల్లు

రెండేళ్లయింది విశాఖలోని మర్రిపాలెంలో మేం ఫ్లాట్ కొని. పాత గ్రూప్ హౌస్, రెండో ఫ్లోర్, రెండు బెడ్‌రూములు, 850 అడుగులు, లిఫ్ట్ లేదు, 1996లో కట్టింది, 26 లక్షలు పడింది. ఇక్కడ సింగపూర్‌లో నాతో పనిచేసే మనవాళ్లకి చెప్తే అందరూ అడిగింది ఒకటే, అదేంటి ఐటీ కంపెనీలుండే మధురవాడ వైపు తీసుకోకుండా మర్రిపాలెం ఏంటి, అక్కడేం పెరుగుద్ది అని. 2025 అక్టోబర్‌లో విశాఖకి గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక అయితే మళ్లీ ఫోన్లు చేసి మరీ అన్నారు, చూసావా మేం చెప్పాం కదా అని. పెరగటానికి కొనలేదు నేను. ఇది ఎవరికైనా పనికొస్తుందేమో అని రాస్తున్నా, ముఖ్యంగా నాలాగా పెద్ద జీతాలు కాకుండా మామూలు ఉద్యోగాలతో బయట ఉంటూ ఊళ్లో ఒక చోటు కావాలి అనుకునేవాళ్లకి.

మా నాన్న మర్రిపాలెం డీజిల్ లోకో షెడ్‌లో చేసేవారు. నేనూ అక్కా పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లోనే. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి కరాసలో అద్దెకి దిగారు, నాన్న పోయాక అమ్మ అక్క దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఏడాదికి ఒకసారి ఇరవై రోజులు వచ్చేవాణ్ణి, పెళ్లాం, పాప, మూడు సూట్‌కేసులు, అన్నీ అక్క వాళ్ల రెండు గదుల్లోనే. అక్కగానీ బావగానీ ఏనాడూ ఒక్క మాట అనలేదు, అనరు కూడా. కానీ మేం వచ్చిన ప్రతిసారీ అమ్మ తన గది మాకు ఇచ్చేసి హాల్లో దివాన్ మీద పడుకునేది. మా ఆవిడ బాత్రూమ్ కోసం ఐదింటికే లేచేది. చివరి రోజు సూట్‌కేసులు సర్దుతుంటే మేనల్లుడు వాడి పుస్తకాలు తెచ్చి మళ్లీ ఆ గదిలో పెట్టుకోవటానికి గుమ్మం దగ్గర నిలబడి ఉండేవాడు, పాపం వాడి తప్పేం ఉంది, పరీక్షలు వాడికి. ఆ రోజే ఫ్లైట్‌లో అనుకున్నాం, ఎంత చిన్నదైనా సరే మనకంటూ ఒక గుమ్మం ఉండాలి అని.

వెతకటం మొదలెట్టాక ముందు అందరూ సైటు కొనమన్నారు. ఎన్నారైలు వ్యవసాయ భూమి, తోటలు, ఫార్మ్ హౌస్ కొనకూడదు, ఫెమా, అంటే విదేశీ మారకం చట్టం, రూల్స్ ఒప్పుకోవు, ఇల్లూ ఫ్లాటూ షాపూ అయితే పర్లేదు. సిటీ బయట లేఅవుట్లు అని చూపించేవాటిలో కొన్ని ఇంకా కాగితాల మీద పొలాలే. లేఅవుట్లకి అనుమతిచ్చే వీఎంఆర్‌డీఏ అప్రూవల్ నంబర్ అడిగితే "వచ్చేస్తుంది సార్, ప్రాసెస్‌లో ఉంది" అంటారు. వచ్చాక మాట్లాడదాం అని వచ్చేసాను.

ఒక బ్రోకర్ అయితే అడివివరం దగ్గర ఇండిపెండెంట్ ఇల్లు చూపించాడు, 120 గజాలు, మామిడి చెట్టు, బావి, చూడగానే మనసు పడిపోయింది. రేటు కూడా మరీ తక్కువ చెప్పాడు. ఎందుకంత తక్కువ అంటే అప్పుడు మెల్లగా బయటపెట్టాడు, పంచగ్రామాల్లో ఉంది, రిజిస్ట్రేషన్ అవ్వదు, నోటరీ మీద రాయించుకోవాలి, రేపో మాపో రెగ్యులరైజ్ అయిపోద్ది అన్నాడు. విశాఖలో పెరిగినవాడికి ఈ మాట కొత్త కాదు. అడివివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ ఐదూళ్లలో సింహాచలం దేవస్థానం భూముల గొడవ నా చిన్నప్పటి నుంచీ వింటున్నా. అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్ల బాధ వేరు, వాళ్లకి న్యాయం జరగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటా. కానీ సముద్రం అవతల కూర్చున్నవాడు నోటరీ కాగితం నమ్ముకుని కష్టార్జితం పెట్టకూడదు. ఆ మామిడి చెట్టు మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. తర్వాత నుంచి ఏది చూసినా ముందు సర్వే నంబర్ అడిగి నిషేధిత భూముల లిస్టులో, అదే 22ఏ అంటారు, అందులో ఉందో లేదో చూసాకే ఇల్లు చూడటానికి వెళ్లాను.

ఈ ఫ్లాట్ చెప్పింది మా బావ. అక్క ఇంటికి నడిచి పది నిమిషాలు. రైల్వేలో రిటైరైన ఆయనదే, కూతురి దగ్గరికి రాజమండ్రి వెళ్లిపోతూ అమ్ముతున్నారు. నేను వీడియో కాల్‌లో చూసి ఊరుకోలేదు, నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి ఒక మేస్త్రీని తీసుకెళ్లాను. ఆయన హాలూ గదులూ సరిగా చూడనే లేదు, తిన్నగా బాత్రూమ్‌లోకి వెళ్లి స్టూల్ ఎక్కి సుత్తి కర్రతో స్లాబు మీద జానెడు జానెడుకీ కొడుతూ పోయాడు. టక్ టక్ అని గట్టిగా మోగుతూ మోగుతూ ఒక మూలకి వచ్చేసరికి బోలుగా, ఖాళీ డబ్బా కొట్టినట్టు మోగింది. అక్కడ గోటితో గీకితే పెచ్చు ఊడి చేతిలోకి వచ్చేసింది, లోపల చువ్వ ఎర్రగా తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉంది. "ఉప్పుగాలి బాబూ, ఇక్కడ పాత బిల్డింగులన్నిటికీ ఉండేదే, ఈ మూల ఒక్కటే గనక బాగుచెయ్యొచ్చు, హాల్లో కూడా ఇలా మోగితే మాత్రం వద్దని చెప్పీవాణ్ణి" అన్నాడు. ఆయనకి ఇచ్చిన వెయ్యి రూపాయలు ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన మంచి ఖర్చు.

ఇంకోటి, పక్క ఫ్లాట్ల వాళ్లని హుద్‌హుద్‌కి ఏమైంది అని అడగండి. 2014 అక్టోబర్ 12న వచ్చిన ఆ తుఫానులో ఏ గోడ నీళ్లు పీల్చింది, ఏ కిటికీ ఊడింది, ట్యాంకు ఎటు ఎగిరింది అనేది బిల్డింగ్‌లో పాతకాపులందరికీ కళ్లకి కట్టినట్టు గుర్తుంటుంది. అమ్మేవాళ్లు చెప్పనివన్నీ ఆ ఒక్క ప్రశ్నకి బయటకొస్తాయి. మాకు పడమటి గది కిటికీ సంగతి అలాగే తెలిసింది.

కాగితాల సంగతి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్, ముప్పై ఏళ్లకి తీసాం, లింకు డాక్యుమెంట్లు స్థలం ఓనర్ దగ్గర్నుంచీ వరసగా ఉన్నాయా చూపించుకున్నాం, లాయర్ మనం పెట్టుకున్నాయనే ఉండాలి, బ్రోకర్ చెప్పినాయన కాదు. పాత ఫ్లాట్‌లో గోడల కన్నా ముఖ్యం అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో మన వాటా, రేపు బిల్డింగ్ పడగొట్టి కట్టినా మనకి మిగిలేది ఆ గజాలే, మాది 28 గజాలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో లక్షా 95 వేలు. ఇది లెక్కలో పెట్టుకోకుండా బడ్జెట్ వేసుకోకండి. అమ్మేవాళ్లు ఇండియాలో ఉండేవాళ్లయితే 50 లక్షల లోపు టీడీఎస్, అంటే వాళ్లకిచ్చే డబ్బులోంచి పన్ను పట్టుకుని మనం కట్టటం, ఆ గోల ఉండదు, వాళ్లూ ఎన్నారైలే అయితే మాత్రం ఆ 50 లక్షల లెక్క పనిచెయ్యదు, ఎంత చిన్న ఫ్లాట్ అయినా టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది కొన్నవాళ్లే. ఇది తెలియక తర్వాత నోటీసులు అందుకున్నవాళ్లని చూసాను.

డబ్బు మొత్తం నా ఎన్నారై అకౌంట్ నుంచి బ్యాంకు ద్వారానే ఇచ్చాను. ముందు చూసిన ఒక ఇంటి ఓనరు సగం క్యాష్ అడిగితే ఆ బేరం అక్కడే వదిలేసాను. ఇల్లూ స్థలాల విషయంలో 20 వేలు, ఆపైన క్యాష్‌గా పుచ్చుకోవటం చట్టప్రకారం తప్పు, పైగా రేపు అమ్మి డబ్బు తిరిగి పట్టుకెళ్లాలంటే ఆ రోజు బ్యాంకులో కనపడిన రూపాయికే లెక్క ఉంటుంది.

రిజిస్ట్రేషన్‌కి నాకు లీవు దొరకలేదు, బావ పేరున పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను. సింగపూర్‌లో ఇండియన్ హై కమిషన్‌కి వెళ్లి సంతకం పెట్టి అటెస్ట్ చేయించి కొరియర్ చేసాను. అది ఇండియాలో చేతికందిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి, లేకపోతే చెల్లదు, ఈ సంగతి చాలామందికి తెలీదు. బావ అయినా సరే జనరల్ పవర్ ఇవ్వలేదు, ఈ ఒక్క ఫ్లాట్, ఈ ఒక్క కొనుగోలు వరకే అని రాయించాం. అలా రాయించమని చెప్పింది కూడా బావే. "రేపు నీకూ నాకూ మధ్య ఒక్క ముక్క అనుమానం రాకూడదురా" అన్నాడు. ఆ మాటకి ఆయన మీద నాకున్న గౌరవం ఇంకా పెరిగింది.

కొనటం ఒక ఎత్తు, తాళం వేసి వెళ్లిపోయాక ఆ ఇల్లు బతకటం ఒక ఎత్తు. 2024 జులైలో మొదటిసారి సొంతింటికి వచ్చాం. నాలుగు గంటల ఫ్లైట్, ఎయిర్‌పోర్ట్ నుంచి ఎన్ఏడీ మీదుగా ఆటోలో చిటికెలో వచ్చేసాం, పాప నిద్రపోతోంది, నేను తాళం పెడితే తిరగదు. ఇనప తాళం, నాలుగు నెలల్లో బిగుసుకుపోయింది. కింద ఫ్లోర్ పిన్నిగారు కొబ్బరినూనె తెచ్చి చుక్కలు చుక్కలుగా పోస్తే పావుగంటకి వచ్చింది. తలుపు తీయగానే గుప్పున వాసన, డ్రైనేజీది. బాత్రూమ్ నహానీ ట్రాప్‌లో నిలవుండే నీళ్లు ఆరిపోయాయి, ఆ నీళ్లే కదా కింద గొట్టం వాసనా బొద్దింకలూ పైకి రాకుండా ఆపేది. కమోడ్‌లోనూ అంతే. అల్మరాలో పెట్టిన దుప్పట్లకి బూజు, ఫ్రిజ్ తలుపు మూసి వెళ్లినందుకు లోపల నల్ల మచ్చలు. మా ఆవిడ సూట్‌కేసు మీదే కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

పొద్దున్నే పిన్నిగారు వచ్చి, "ఏటి నాయనా, తాళం ఒకటి నా దగ్గర ఉంచీ, ఆదివారం ఆదివారం కిటికీలు తీసి, తూముల్లో చెంబుడు నీళ్లు పోసి ఏస్తాను" అన్నారు. డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు. అప్పుడు అర్థమైంది నాకు, 26 లక్షల ఫ్లాట్ మర్రిపాలెంలో కొనటానికీ అదే డబ్బుకి ఎవరూ తెలియని చోట కొనటానికీ తేడా ఏంటో. మధురవాడలో ఎంత మంచి అపార్ట్‌మెంట్ అయినా ఆదివారం వెళ్లి కిటికీ తీసే మనిషి నాకు అక్కడ లేరు. ఇక్కడ పిన్నిగారున్నారు, పది నిమిషాల్లో అక్కా బావా ఉన్నారు, ఎయిర్‌పోర్ట్ భోగాపురం వెళ్లిపోయినా ఇది మారదు. తాళం వేసి ఉంచే ఇంటికి ఏరియా కన్నా ముందు ఈ మనిషిని వెతుక్కోండి.

ఇప్పుడు ఇత్తడి తాళం, కిటికీ గ్రిల్స్‌కి రెడ్ ఆక్సైడ్ కొట్టి పెయింట్, వెళ్లేటప్పుడు అల్మరా తలుపులు బార్లా, ఫ్రిజ్ తలుపుకి మధ్యలో మడతపెట్టిన టవల్. తూముల్లో నీళ్ల మీద చెంచాడు నూనె పోస్తే తొందరగా ఆరవు. అసోసియేషన్ మెయింటెనెన్స్ నెలకి 700 ఉన్నా లేకపోయినా ఒకటో తారీఖునే పంపిస్తా, ఇంటిపన్ను ఆరు నెలలకోసారి ఆన్‌లైన్లో జీవీఎంసీకి, అదే విశాఖ కార్పొరేషన్‌కి. కరెంటు మీటరూ ఇంటిపన్నూ మన పేరుకి మార్పించుకోవటం రిజిస్ట్రేషన్ అయిన నెలలోనే చేసెయ్యండి, వాయిదా వేస్తే ఏళ్లు గడిచిపోతాయి.

ఎనిమిది వేలకి అద్దెకిచ్చెయ్యొచ్చు కదా అని బావ ఒకసారి అన్నాడు, నేను ఆలోచిస్తున్నా కూడా. అప్పుడే అమ్మ అడిగింది, నేను వెళ్లి ఉండనా అని. అడగటం కూడా ఎంత మొహమాటంగానో, అక్క వాళ్లకి అన్నం వండి పెట్టి రాత్రికి అక్కడ పడుకుంటాలే అని మొదలెట్టింది. నలభై ఏళ్లు రైల్వే క్వార్టర్లు, అద్దె ఇల్లు, తర్వాత కూతురి హాలు. పెట్టె ఒకటి, నాన్న టిఫిన్ క్యారేజీ ఒకటి, దేవుడి పటాలు పట్టుకుని 2025 ఉగాదికి వెళ్లింది, ఇప్పటికి అక్కడే ఉంది. పగలు అక్క ఇంటికి వెళ్తుంది, చీకటి పడ్డాక బావ దింపి వస్తాడు. తూముల్లో నీళ్లు పొయ్యక్కర్లేదు ఇప్పుడు, అయినా పిన్నిగారు ఆదివారం వస్తూనే ఉన్నారంట, కాఫీకి.

పడమటి గది కిటికీ కింద చెమ్మ మాత్రం పూర్తిగా పోలేదు. వర్షాలు మొదలయ్యేలోపు టెర్రస్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని అసోసియేషన్‌లో అనుకున్నారు, ఫ్లాట్‌కి 9 వేలు, నా వాటా నిన్న పంపించా. అమ్మ ఫోన్ చేసి, ఆ గోడకి సున్నం ఇప్పుడే వేయించకు, ఒక వానాకాలం చూద్దాం అంది.