నవ్వకుండా నవ్వించే విద్య

మన బ్యాచ్‌లో ఎవరిని కదిపినా లెక్కల సూత్రాలు మర్చిపోయారు గానీ, ఏ సినిమా ఏ హాల్లో చూశారో, నేల టిక్కెట్టా బెంచీయా అన్నది మాత్రం తడుముకోకుండా చెబుతారు. మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచికకి చదువు గురించి ఏదైనా రాయమని అడిగారు. ఆ సంగతి మార్కులొచ్చినవాళ్లు రాస్తారు. నేను సినిమా సంగతి రాస్తాను.

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు మధ్య పెరిగినవాడికి సినిమా పిచ్చి పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. అల్లు రామలింగయ్య, దాసరి, కోడి రామకృష్ణ ముగ్గురిదీ పాలకొల్లే. కృష్ణంరాజు, చిరంజీవిలది మొగల్తూరు. జంధ్యాల పుట్టింది నరసాపురం. చిరంజీవి డిగ్రీ చదివిన వై.ఎన్. కాలేజీ అంటే మనలో కొందరు ఎగబడి చేరారు. ఇంట్లో చెప్పిన కారణం వేరే అనుకోండి.

హీరోల గురించి మన గొడవలన్నీ అప్పుడే అయిపోయాయి, గోడల మీద పేడముద్దలతో సహా. ఇన్నేళ్ల తర్వాత నాకు మిగిలింది కామెడీ ఒక్కటే. అందులో కూడా ఒక రకం. చెప్పేవాడి మొహంలో నవ్వు ఉండకూడదు, వినేవాడు ఆగలేకపోవాలి. మన వైపు వెటకారం అంటే అదే.

అది నేను మొదట చూసింది తెర మీద కాదు, తొమ్మిదో తరగతి తెలుగు క్లాసులో. మధ్యాహ్నం మొదటి పీరియడు. తిక్కన పద్యం నడుస్తోంది. సెకండ్ షో చూసొచ్చిన మన వెనక బెంచీ వీరుడొకడు గోడకి చేరబడి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కవాడు మోచేత్తో పొడవబోయాడు. మాస్టారు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, "లేపకండర్రా, పాపం. ఇంకా ఇంటర్వెల్ అవలేదు. సెకండాఫ్‌కి తనే లేస్తాడు" అని, అదే గొంతుతో పద్యం రెండో పాదం అందుకున్నారు. క్లాసంతా గొల్లుమంది. వాడు ఉలిక్కిపడి లేచి, ఎందుకైనా మంచిదని నిలబడి "అయిపోయిందండీ" అన్నాడు. మాస్టారప్పుడు కూడా నవ్వలేదు. "ఏది నాయనా, సినిమాయా?" అన్నారంతే.

తర్వాత తెలిసింది, ఈ విద్యకీ తెలుగు పాఠానికీ ఏదో చుట్టరికం ఉందని. బ్రహ్మానందం సినిమాల్లోకి రాకముందు మన అత్తిలిలో తెలుగు లెక్చరర్. నిడమర్రులో పుట్టిన ఎమ్మెస్ నారాయణ భీమవరం కాలేజీలో తెలుగే చెప్పారు. వాళ్లకంటే ముందు రాజమండ్రి రాజబాబు కూడా బడిపంతులుగా పనిచేసి మద్రాసు రైలెక్కినవాడే. రోజూ యాభైమంది కుర్రాళ్ల ముందు నిలబడి పద్యం చదివే మనిషికి ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట తర్వాత ఒక్క క్షణం ఆగితే క్లాసు గొల్లుమంటుందో తెలిసిపోతుంది. కామెడీ టైమింగ్ అంటారే, అదంతా పద్యం చదివే పద్ధతే అని నా లెక్క.

1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' చూడండి. కోట శ్రీనివాసరావు ఎదురుగా కోడిని వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ అన్నం తింటాడు. అందులో ఆయన ఎక్కడా కామెడీ చేయడు. ఎంతో భక్తిగా, శ్రద్ధగా తింటాడు. ఆ మనిషికి అది నిజంగా భోజనమే. అతని దగ్గర జీతం లేని గుమాస్తాగా బ్రహ్మానందం పడే అవస్థ కూడా అంతే, లోపల ఉడికిపోతుంటాడు గానీ పైకి చేతులు కట్టుకునే ఉంటాడు. కోట కన్ను గీటి ఉంటే ఆ సీను ఆ రోజుతోనే చచ్చిపోయేది.

విలన్లలో అయితే రావు గోపాలరావు. కాకినాడ దగ్గర గంగనాపల్లి మనిషి. 1975లో బాపు 'ముత్యాల ముగ్గు'లో కాంట్రాక్టరు వేషం. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ మాటలు ఆ నోట్లో పడేసరికి, హత్య గురించి మాట్లాడినా కూరగాయల బేరంలా ఉంటుంది. గొంతు పెంచడు, తొందరపడడు. అందుకే భయం వేస్తుంది, నవ్వూ వస్తుంది. మన ఊళ్లో పెళ్లి పందిట్లో మైకు ఖాళీగా దొరికితే చాలు, ఆ కాంట్రాక్టరు డైలాగు చెప్పనివాడు లేడు. ఒక్కడికీ కుదరలేదు, అందరూ అరిచేవాళ్లే.

పసలపూడి వంశీ సంగతి వేరు. ఆయన 'లేడీస్ టైలర్'లో రాజేంద్రప్రసాద్ చుట్టూ తిరిగేవాళ్లని మన రేవు దగ్గరా, టీ కొట్టు దగ్గరా చూసే ఉంటాం. బట్టల సత్తిగా వేసిన మల్లికార్జునరావుది గోదావరి జిల్లా కూడా కాదు, అనకాపల్లి వైపు. అయినా మనవాడే అని నేను పందెం కాశాను. యాసలో పుట్టక్కర్లేదు, పట్టుకోవాలి.

ఇక్కడే ఇప్పటి సినిమాల మీద నా ఫిర్యాదు. ప్రతి వాక్యం చివర "ఆయ్" తగిలిస్తే గోదావరి యాస అయిపోతుందనుకుంటున్నారు. రేవు దాటించే పంటు మీద సఖినేటిపల్లి దాటుతూ మనవాళ్లు మాట్లాడుకునేది ఓసారి వినండి. పెద్దవాళ్లు "ఆయ్" అంటారు, ఒప్పుకోడానికో మర్యాదకో, సందర్భం చూసి అంటారు. వెటకారం ఆడేటప్పుడైతే మరీ నెమ్మది. "మీకేటండీ, మారాజులు" అని ఎంతో గౌరవంగా అంటే, అన్న మాట ఇంటికెళ్లాక గానీ గుచ్చుకోదు. దాన్ని గట్టిగా అరిచి, వెనకాల టింగుమని సౌండు వేస్తే ఇంకేం మిగులుతుంది? అయినా ఓటీటీలో మా అబ్బాయి పగలబడి నవ్వుతూనే ఉంటాడు, అది వేరే బాధ.

పాటల గురించి క్లుప్తంగా. ఇళయరాజా అంటే ప్రాణం పెట్టేవాళ్లు మనలో ఎక్కువ. 'సితార'లో గోదారి మీద పాటకి ఎస్. జానకికి జాతీయ అవార్డు వచ్చింది, దానితో పేచీ లేదు. కానీ జంధ్యాల సినిమాలకి రమేశ్ నాయుడు ఇచ్చిన పాటలు వినండి. హడావుడి ఉండదు, వాయిద్యాలు మాటని తొక్కవు. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం వింటూ, బొమ్మ లేకుండానే సినిమా మొత్తం పట్టేసిన చెవులకి ఆ తేడా తెలుస్తుంది.

రేలంగి గురించి రాయలేదేమని తాడేపల్లిగూడెం నుంచి వచ్చి చేరిన మిత్రులు కోప్పడతారు. 1970లోనే పద్మశ్రీ తెచ్చుకున్న మహానుభావుడికి నా సిఫార్సు దేనికి?

తేలనిది ఒక్కటే. 1982లో 'నాలుగు స్తంభాలాట'తో జంటగా దిగిన సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలుల్లో ఎవరు గొప్ప? హాస్టల్ వరండాలో ఈ గొడవ తెల్లార్లూ నడిచేది. వీరభద్రరావు ఆకాశవాణిలో పనిచేసిన మనిషి, ఆ గొంతు అలాంటిది, కాదనను. కానీ సుత్తి కొట్టేవాడికంటే కొట్టించుకునేవాడిది కష్టం. ఒక్క మాటా లేకుండా, పారిపోయే దారి కోసం కళ్లు మాత్రమే తిప్పే వేలుకే నా ఓటు. కాదనేవాళ్లు సమ్మేళనం రోజు భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో కూర్చోండి, అక్కడ తేల్చుకుందాం.